వెనకొచ్చేవారికి వదిలిన నిప్పు

మా బావ పోయాడని ఫోనొచ్చేసరికి నేను ఆత్మకూరులో నా ఎరువుల కొట్టు తెరుస్తున్నాను. ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు అప్పుడప్పుడే మా వీధిలో కనబడుతున్నారు. అక్క ఏడవలేదు. "మీ బావ పోయినాడురా తమ్ముడా. ఇంగ ఆ తావును ఎవరు చూస్తారు?" అంది.

ఆ తావేమిటో చెప్పాలి. బావ అటవీశాఖలో రేంజరు. నల్లమల అంచున ఒక వాలును పరిశోధన కోసం విడిగా ఉంచాలని పైవాళ్ల వెంటపడి సాధించాడు. అందులో గొడ్డు మేయకూడదు, కట్టె కొట్టకూడదు, రాలిన కాయ కూడా ఏరకూడదు. మనిషి చేయి పడకపోతే అడవి తనంతట తాను ఏమవుతుందో చూడాలట. యూనివర్సిటీ పిల్లలు వచ్చి చెట్ల చుట్టుకొలతలు తీసుకుపోయేవారు. రిటైరయ్యాక కూడా ఆయన అక్కడే తిరిగేవాడు.

"చచ్చిన చెట్లకు కాపలా ఏంది బావా, పిచ్చి గాని పట్టిందా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"చచ్చినా దానికి ఈడ శానా పని ఉండాది బామ్మర్దీ. కొట్లో కూర్చునే నీకంటే ఎక్కువ పని," అనేవాడు. నోరు పెద్దదే మహానుభావుడికి!

నిరుడు ఆ వాలులో వెదురు పూసింది. పూసిందంటే ఇక ఆ వెదురంతా చచ్చిపోతుంది. వెదురు పూస్తే కరువు తప్పదని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎండకముందే కొట్టేద్దామన్నారు. బావ ససేమిరా అన్నాడు. రాలిన గింజ మొలిచి కొత్త అడవి ఎలా లేస్తుందో చూడాలని ఆయన ఆశ. మనిషి జన్మలో మళ్లీ దొరకని అవకాశమట. "వానలు పడేదాకా నిప్పు తగలకుంటే చాలప్పా," అని ఎన్నిసార్లన్నాడో.

ఆయన భయమంతా పొయ్యిల గురించే. ఆ వాలు పక్కగా పోయే శ్రీశైలం దారిలో వండుకున్న భక్తులు పొయ్యి ఆర్పరు. వెనకొచ్చేవారికి నిప్పు ఉంచిపోవడం పుణ్యమని వాళ్ల నమ్మకం. బావ ఏటా నీళ్ల బిందెతో వాళ్ల వెంట నడిచేవాడు. "మల్లన్న ఏమీ అనుకోడమ్మా, ఆ పాపం నా నెత్తిన రాయమను," అంటూ నవ్వించి ఆర్పించేవాడు. తిట్టుకున్నవాళ్లే మరుసటి ఏడు "రేంజరప్పా, బాగుండావా?" అని పలకరించేవారు.

కర్మలయ్యాక బిందె పట్టుకుని నేనే పోయాను. ఆ మాత్రం చేయకపోతే బావమరిది అని ఎందుకు? వాలు నిండా వెదురు నిలువునా ఎండి గాలికి కటకటమంటోంది. కింద వడ్లలాంటి గింజ దట్టంగా రాలింది. దాని కోసం చేరిన ఎలుకలు నన్ను చూసి కూడా కదల్లేదు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. బావ ఇన్నేళ్లు ఇక్కడ ఒంటరిగా ఎలా తిరిగాడో!

దారి పక్కన పత్తికొండ వైపు నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె వంట ముగించి మూట కట్టుకుంటోంది. పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి.

"ఆర్పేస్తానమ్మా," అన్నాను.

"వెనక మావాళ్లు వస్తాండారు నాయనా, ఉండనీ. రేంజరప్ప యాడ? ఈ తూరి కనపడల్యా?"

"పోయినాడమ్మా. నేను ఆయన బామ్మర్దిని."

ఆమె నా చేతిలోని బిందె తనే తీసుకుని, నిప్పులన్నీ నల్లబడేదాకా నీళ్లు పోసింది. బావ ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాను.

"మా ముందర శానామంది వండుకోని నడిచిపోయినారు నాయనా," అంటూ ఖాళీ బిందె నాకిచ్చింది.

తలెత్తి చూశాను. వాలు చుట్టూ తిరిగే దారి పొడవునా పొగలు లేస్తున్నాయి. ఏ పొగ దగ్గరా మనిషి లేడు. గాలి వెదురు వైపే వీస్తోంది.