ఆదివారం మేడంగారు

మొన్న మంగళవారం మా మేడంగారు పోయేరు. శుక్రవారానికల్లా ఆవిడ ఆదివారం క్లాసు ఎత్తేసేరు. ఊరికే ఎత్తేయలేదు, ఆవిడ పేరు పెట్టి మరీ ఎత్తేసేరు.

అమలాపురంలో మేం చదువుకున్న కేంద్రం గుమ్మంలో ఆవిడ ఫొటోకి దండ వేసి, కింద ఓ కాగితం అంటించేరు. తాగుడు, మత్తుమందుల అలవాటు ఉన్నవాళ్ళతో పనిచేసే కౌన్సెలర్ల కోసం ఆవిడ నడిపిన పార్ట్‌టైం కోర్సు ఇక సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటిపూట జరుగుతుందట. ఆదివారం బ్యాచ్ ఉండదట. కొత్త కోర్సుకి ఆవిడ జ్ఞాపకార్థం ఆవిడ పేరే పెడతారట. బతికుండగా ఆవిడ ఒప్పుకోని పనిని ఆవిడ ఫొటో కిందే చేసేరు. నాకిది తప్పుగా కనిపిస్తోంది. మీకెలా కనిపిస్తుందో మొత్తం చదివి మీరే చెప్పండి.

నేను రాజోలు దగ్గర కొబ్బరికాయలు ఒలిచే ముఠాలో పనిచేస్తాను. పది తప్పి, పని చేసుకుంటూనే ప్రైవేటుగా ఇంటర్ దాకా కట్టేను. కిందటేడు ఈ కోర్సు పూర్తిచేసేను. ఈ ఏడు చేరడానికి మా ముఠా మేస్త్రీ, మేం బాబాయి అని పిలిచే ఆయన, తన పేరిచ్చేడు. వచ్చే ఆదివారమే కొత్త బ్యాచ్ మొదలవ్వాలి. కాయ ఒలిస్తేనే కూలి వచ్చే మనిషి సోమవారం పొద్దున్న క్లాసులో ఎలా కూర్చుంటాడు? పేరిచ్చింది ఆయన ఒక్కడే కాదు. దిండిలో పడవ మీద వంట చేసే అబ్బాయి ఉన్నాడు, తాటిపాకలో ఆటో తోలే అన్నయ్య ఉన్నాడు. వీళ్ళందరికీ చదువు ఆగిపోయినట్టే.

సరే, కోపం కాసేపు పక్కన పెడతాను. ఆవిడ గురించి మొత్తం కోపంగా రాస్తే అన్యాయం. ఆ ఏడాది ఆదివారాలు నా బతుకులో హాయిగా గడిచిన రోజులు. అదీ రాయాలి.

ఆవిడ గవర్నమెంటాస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యేరు. ఆ తర్వాత ఈ చదువు తాను చదివి, మాకు చెప్పేరు. కొత్తపేట నుంచి బస్సులో వచ్చేవారు. మొదటి క్లాసులో ఒక్కొక్కర్నీ ఎందుకు చేరేరని అడిగేరు. ఆటో అన్నయ్య తమ్ముడొకడు మా బ్యాచ్‌లో ఉండేవాడు. ఛాతీ విరుచుకుని లేచేడు.

"తాగుబోతుల్ని మార్చడానికండీ."

ఆవిడ డస్టర్ తీసి చేతికిచ్చి, "బోర్డు తుడవండి బాబూ" అన్నారు.

"బోర్డు మీద ఏం లేదు కదండీ మేడంగారూ?"

"మీరన్న మాటుంది. తుడిచెయ్యండి."

అప్పట్నుంచి అదే మా క్లాసు పద్ధతి. తాగుబోతు అన్నా, తిరుగుబోతు అన్నా లేచి బోర్డు తుడవాల్సిందే. "ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరుంది. దాంతో పిలవండి" అనేవారు. మొదటి నెలల్లో మా బోర్డంత శుభ్రమైన బోర్డు అమలాపురం మొత్తమ్మీద ఉండుండదు.

ఇంకో పాఠం ఉండేది, అది మరీ కష్టం. ఒకళ్ళు తమ బాధ చెప్పాలి, ఎదురుగా ఉన్నవాళ్ళు వినాలి. అంతే. సలహా చెప్పకూడదు. ఎవరి వల్లా అయ్యేది కాదు. బాధ సగంలో ఉండగానే "అలా కాదండీ, మీరో పని చెయ్యండి" అని ఎవరో ఒకరు మొదలెట్టేసేవారు. మేడంగారు నవ్వలేక చచ్చేవారు. "మన గోదావరి వాళ్ళు మందైనా మానగలరు గానీ సలహా చెప్పడం మానలేరర్రా!" అనేవారు.

శనివారం లారీ లోడెత్తి వస్తే ఆదివారం నాకు కళ్ళు మూతలు పడిపోయేవి. ఒకరోజు కేంద్రం నడిపే ఆయన అటుగా వచ్చి, వెనక బెంచీలో నన్ను చూసి, "ఇదండీ మీ ఆదివారం క్లాసు! వచ్చేదే నిద్రపోవడానికి. పగటిపూట పెడితే బుద్ధిగా చదివేవాళ్ళు వస్తారు" అన్నారు. నాకు మెలకువ వచ్చింది గానీ కళ్ళు తెరవలేదు. మేడంగారు నెమ్మదిగా చెప్పేరు.

"ఆ బుద్ధిమంతులు చదివి ఆఫీసులో కూర్చుంటారండి. ఈ అబ్బాయి రేపు పొద్దున్న తాగే మనుషుల మధ్యకే వెళ్తాడు. పడుకోనివ్వండి. మిస్సయింది నేను టీ టైంలో చెప్తాను."

నిజంగానే చెప్పేరు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి. ఆవిడ మాటల్లో విత్‌డ్రాయల్ అంటే 'మందు దిగేటప్పటి వణుకు'. "రోజూ తాగే ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే తిరగబడుతుంది. చెమటలు, వణుకు, లేనివి కనిపించడం, ఫిట్స్. అప్పుడు ఒట్లూ వద్దు, తిట్లూ వద్దు. ఆస్పత్రి." టీ గ్లాసు ఊదుకుంటూ ఆవిడ చెప్పిన ఆ పాఠమే తర్వాత పనికొచ్చింది.

ఇంట్లో ఎవరో తాగి పోయుంటారు, అందుకే ఈ పని పట్టుకున్నారని మేమంతా అనుకునేవాళ్ళం. ఓసారి అడిగేసేను. ఆవిడ ఫక్కున నవ్వి, "అబ్బే, మా ఇంట్లో ఎవరికీ ఏ అలవాటూ లేదు. నాకే కాఫీ. డాక్టరు మానెయ్యమని ఎన్నాళ్ళయిందో! పొద్దున్నే ఆ వాసన తగిలినప్పుడల్లా మీ వాళ్ళే గుర్తొస్తారు" అన్నారు. ఇంకే కథా లేదు. పని ఇష్టం, అంతే.

"ఎందుకు తాగుతున్నావని అడిగితే కథ చెప్తారు. ఎప్పుడు తాగుతావు, ఎవరిస్తారు అని అడగండి, నిజం చెప్తారు" అనేవారు. మా ముఠా సంగతి అడిగితే నేను చెప్పేను. లారీ నిండేక షావుకారు ముఠాకి సీసా పంపించడం మా దగ్గర మామూలు. మేస్త్రీ మొదట పుచ్చుకుని అందరికీ పోస్తాడు. వద్దంటే మిగతావాళ్ళని తక్కువ చేసినట్టు. అలా నిండిన ప్రతి లారీకీ పుచ్చుకుని పుచ్చుకుని, బాబాయికి పొద్దున్నే పడితే గానీ చెయ్యి నిలవని స్థితి వచ్చింది.

ఒకరోజు మేడంగారు మేం కాయలొలిచే రాశి దగ్గరికే వచ్చేరు. ఒలిచి పడేసిన కొబ్బరి డొక్కల మీదే కూర్చున్నారు. బాబాయి గునపం మీద కాయ ఒలుస్తూ వేళాకోళం ఆడేడు.

"బొండం పుచ్చుకోడానికొచ్చేరాండీ, కౌన్సెలింగు ఇవ్వడానికాండీ?"

"ముందు బొండం ఇవ్వండి. రెండోది మీకు దాహం వేసినప్పుడు చూద్దాం."

ముఠా అంతా పగలబడి నవ్వేరు. ఆవిడ మందు ఊసే ఎత్తలేదు. బొండం తాగి, ఫోన్ నంబరు చెప్పి వెళ్ళిపోయేరు. నాకు చిరాకేసింది. ఇంత దూరం వచ్చి ఒక్క మాటైనా చెప్పరేంటని. తర్వాత అర్థమైంది. ఆవిడ ఆ రోజు వచ్చింది ముఖపరిచయానికి.

కార్తీకమాసంలో పిన్ని, అంటే బాబాయి భార్య, ఆయనకి మాల వేయించింది. మా వైపు చాలా ఇళ్ళల్లో ఇదే మందు. మాల వేస్తే తాగడు కదా అని. బాబాయి నిజంగానే ఒక్క చుక్క ముట్టలేదు. మర్నాడు గడిచి ఆ పైరోజు మధ్యాహ్నం భిక్ష దగ్గర కూర్చున్నవాడు ఒణికిపోవడం మొదలెట్టేడు. ఒళ్ళంతా చెమటలు. గోడ మీద పాములున్నాయని కేకలు. జనం పోగై స్వామి పూనేడన్నారు. శరణాలు అందుకున్నారు, కర్పూరం వెలిగించేరు, పిన్ని ఆయన కాళ్ళ మీద పడిపోయింది. నాకు టీ గ్లాసు పాఠం గుర్తొచ్చి మేడంగారికి ఫోన్ చేసేను.

"మానేసి ఎన్నాళ్ళయింది? లేనివి కనిపిస్తున్నాయా? అయితే మాట్లాడక ఆటో ఎక్కించు. నేను ఆస్పత్రి దగ్గరుంటాను."

గురుస్వామి అడ్డుపడ్డారు. "మాలలో ఉన్న స్వామిని ఆస్పత్రిలో పడేస్తావేంట్రా? మైల!" నేను తిరగబడి అరవబోతుంటే మేడంగారు స్పీకరు పెట్టమన్నారు.

"గురుస్వామీ, నమస్కారమండి. వచ్చింది స్వామే అయితే డాక్టరు ముట్టుకుంటే ఆయనకేం కాదు. మందు దిగే వణుకైతే మాత్రం ఆలస్యం చేస్తే మనకి మనిషి దక్కడు. మాల తియ్యక్కర్లేదు. మాలతోనే తీసుకురండి. మీరు కూడా పక్కన కూర్చుని రండి."

 గురుస్వామి "ఆయ్, అలాగేనండి" అని తనే ముందు ఆటో ఎక్కేరు. ఆస్పత్రి మెట్ల దగ్గర మేడంగారు నిలబడి ఉన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణానికే మోసమొచ్చేదని డాక్టరుగారు అన్నారు. బాబాయి తేరుకున్నాక, మెడలో మాల అలాగే ఉందని చూసుకుని ఏడ్చేడు. మేడంగారు మంచం పక్కన కూర్చుని విన్నారు. సలహా ఏం చెప్పలేదు.

ఆ తర్వాత లారీ నిండిన ఒక సాయంత్రం షావుకారు సీసా పంపిస్తే, బాబాయి దాన్ని తిప్పి పంపేసి టీ, మిరపకాయ బజ్జీలు తెప్పించమన్నాడు. ముఠాలో గొణుగుడు తక్కువేం కాదు. "నువ్వు మానేస్తే మా మామూలేం పాపం చేసింది మేస్త్రీ?" అన్నారు. కొందరు బజ్జీలు తిని మరీ కల్లుపాకకి పోయేరు. నేను ఉక్రోషంతో ఈ సంగతి చెబితే మేడంగారు, "అందరూ పోలేదు కదా? మిగిలినవాళ్ళ సంగతి చెప్పు, కబుర్లు వింటాను" అన్నారు. ఆవిడ లెక్క అలా ఉండేది. ఎంతసేపూ ఉన్నవాళ్ళ వైపే చూసేవారు.

కౌన్సెలింగు నేర్చుకుంటానని బాబాయి తనంతట తనే అడిగేడు. "మీరు వస్తే నాకు సగం పని తగ్గుతుందండీ" అని ఆవిడే అతని పేరు రాసుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే గుండె ఆగి పోయేరు. చివరి ఆదివారం కూడా అయిపోవస్తున్న బ్యాచ్‌కి క్లాసు చెప్పేరు. కుర్చీలో కూర్చునే చెప్పేరు, ఎవరి మాటకో నవ్వుతూనే ఉన్నారు.

కేంద్రం పెద్దలకి ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. పగటి కోర్సు పెట్టుకోండి, మాకేం అడ్డు లేదు. ఆదివారం క్లాసు మాత్రం ఉంచండి. ఉంచలేకపోతే ఆవిడ పేరు వాడుకోకండి. ఆదివారం తీసేసి ఆవిడ పేరు పెడతామంటే మేం ఒప్పుకోం. వచ్చే శనివారం ఆవిడ పెద్దకర్మ. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళలోగా జవాబు చెప్పండి. మర్నాడు పొద్దున్నే రాజోలు బస్టాండులో, డొక్క మరకలు పోని చేతుల్తో కొత్త పెన్ను పట్టుకుని ఒక మనిషి అమలాపురం బస్సు కోసం నిలబడి ఉంటాడు. ఎక్కాలో వద్దో ఆయనకి ఆలోగా తెలియాలి.