విజయనగరం ఆసుపత్రిలో ఒక స్పానిష్ ప్రశ్న

మా ఆయన ఓడలో వంటవాడు. ఏడాదిన్నరగా ఉత్తరం లేదు. ఆయనున్న ఓడలోనే పనిచేసిన స్పానిష్ నావికుడొకడు విజయనగరం ఆసుపత్రిలో ఉన్నాడని తెలియగానే నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టాను. ఒకప్పుడు ఓడల్లో తిరిగిన మా పెదమావగారు ఒక వాక్యం నేర్పారు: "ఆ కొనొసీదో ఉస్తేద్ ఆ..." ఫలానావారిని మీరు కలిశారా అని. చివర మా ఆయన పేరు పెట్టాలి. భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మావైపు ఆడవాళ్లు నోట అనరు. పెళ్లయింది మొదలు నేనూ అనలేదు. అందుకే ఫోటో చూపించి అడుగుదామని పట్టుకెళ్లాను.

పాతపట్నంలో ఉదయం ఏడింటికి చిన్న రైలెక్కాను. నౌపడాలో పెద్ద బండి కోసం చాలాసేపు కూర్చోవాలి. స్టేషన్ బయట ఇడ్లీలు బాగుంటాయి; నీళ్లు మాత్రం ఇంటినుంచే తెచ్చుకోండి. బండిలో రాజాం వెళ్లే ముసలమ్మ పలకరించింది.

"ఒక్కదానివే ఎల్తన్నావేటమ్మా? మగోలెవులూ నేరా?"

"ఆయన్ని వెతకడానికే వెళ్తున్నానమ్మా."

"ఎతుకు. దొరికీదాకా ఒగ్గీకు," అని అరటిపండు చేతిలో పెట్టింది.

విజయనగరంలో దిగేసరికి మూడు దాటింది. రిక్షాలో ఆసుపత్రికి వెళితే, నావికుడి కళ్లకు కట్లు! ఫోటో సంచిలోనే ఉండిపోయింది. నర్సు నా ముఖం చూసి, "పేరు రాసియ్యండమ్మా, నేనడుగుతాను," అంది. వద్దన్నాను. ఇంతదూరం వచ్చింది నేను.

"ఆ కొనొసీదో ఉస్తేద్ ఆ... అప్పలస్వామి?"

పేరు పూర్తిగానే వచ్చింది.

అతను లేచి కూర్చున్నాడు. "సీ! సీ! అప్పాలా!" అని అవునన్నట్టు తలూపుతూ నోరు తెరిచి చేత్తో విసురుకున్నాడు. మా ఆయన వంటలో కారం అలాంటిది మరి. తరువాత తన కాలు తట్టి, కట్టె విరిచినట్టు చూపి, "వల్పరాయిసో" అన్నాడు. చిలీ దేశపు రేవు. బడిలో మ్యాపు మీద చూపించేదాన్నే. పెదమావగారు నేర్పిన ఇంకో మాటతో "బీబో?" అన్నాను, బతికున్నాడా అని. "బీబో, బీబో!" అని పకపకా నవ్వాడు. అక్కడే ఏడ్చేశాను. కాలు విరిగితే ఉత్తరం రాయడానికి చేతికేమొచ్చిందని కోపమూ వచ్చింది.

ఆ రాత్రి స్టేషన్ దగ్గరి సత్రంలో పడుకున్నాను. గది శుభ్రమే, దోమలు జాస్తి. తెల్లవారి బండిలో ఆడవాళ్లు నా కథంతా విన్నారు. "మీ ఆయన పేరేటమ్మా? మేవూ దేవుడికి మొక్కుకుంటాం," అందొకామె.

"అప్పలస్వామి," అన్నాను. బండి చప్పుడులో వినబడలేదేమోనని, మళ్లీ గట్టిగా అన్నాను.