డబ్బా మనది సార్

మా మేడం పోయారు. మైదుకూరు దగ్గరి వాళ్ల ఊరి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పొద్దున గుండె ఆగి పోయిందమ్మా, నువ్వు రావల్ల" అన్నాడు. అప్పుడు నేను కర్నూలు ఆఫీసులో ఒక ప్రోటీన్ పౌడర్ లేబుల్ చూస్తున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. తగ్గకముందే ఇది రాయాలనిపించింది.

ఒకప్పుడు డోన్ బయట పోషకాహార పౌడర్లు తయారుచేసే కంపెనీలో ఆమె నా పై అధికారి. డబ్బా మీద ఏం రాయవచ్చో, ఏం రాయకూడదో, లోపలిదీ బయట రాసిందీ ఒకటేనో కాదో చూడటం మా పని. ఆహారంగా అమ్మే పౌడర్ రోగం నయం చేస్తుందని రాయకూడదు. ఇది మందు కాదని కనిపించేలా చెప్పాలి. చట్టం అంతే. మేడం చట్టం దాకా వెళ్లేముందు కళ్లజోడు తీసేసి, లేబుల్‌ను చేతిదూరాన పట్టుకుని, తడుముకుంటూ పైకి చదివేవారు. "మొదలు మీ అవ్వ చదివినట్ల చదువు. ఆమెకు ఏమి అర్థమైతాదో, మనం రాసింది అదే" అనేవారు.

కొత్త సరుకు తయారైనప్పుడల్లా స్టీలు గ్లాసులో కలుపుకుని తాగేవారు. ఆమె ముఖం చూసి ప్యాకింగ్ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వుతూ మూతి తుడుచుకుని, "మనం తాగలేనిది ఊరికి పోయకూడదు" అనేవారు.

ఒక మధ్యాహ్నం పత్తికొండ వైపు నుంచి ఒక పెద్దాయన మా డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. మేము పంపిన లేబుల్ మీద ఎవరో స్టిక్కర్ అంటించారు. షుగర్ మాత్రలతో ఇక పనిలేదని దాని మీద ఉంది. ఆయన భార్య అది నమ్మి మాత్రలు మానేసింది. కాలికి పుండు పడి, చివరికి కాలే తీసేశారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. "దీని మీద రాసినారు కదమ్మా, అందుకే ఇడిసిపెట్టింది" అన్నాడు.

మేడం ఆయనకు అన్నం పెట్టించి, ఆ డబ్బా తీసుకుని ఓనర్ గదిలోకి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆ స్టిక్కర్ డీలర్లు వేసుకున్నదనీ, దాంతో మనకేం సంబంధమనీ ఓనర్ అన్నాడు. దాని వల్లే అమ్మకాలు పెరిగాయని ఆయనకు తెలుసు.

"డబ్బా మనది సార్. పౌడర్ మనది. ఆ యమ్మ కాలు మాత్రం ఎవరిదీ కాదా?" అన్నారు మేడం.

సరుకు వెనక్కి తెప్పించమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆమె తన పేరుతోనే ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేశారు. కొన్ని దుకాణాల నుంచి డబ్బాలు తీసేశారు. ఆ వారంలోనే సెక్యూరిటీవాడు ఆమెను గేటు బయటే ఆపేశాడు. నేను ఆ నెలాఖరుకు మానేశాను. నాకు ఇంకోచోట ఉద్యోగం దొరికింది, ఆమెకు దొరకలేదు. కర్నూలులోనూ కడపలోనూ అడిగిన ప్రతిచోటా మర్యాదగా టీ ఇచ్చి పంపారు. ఆ కంపెనీ మాత్రం పేరు మార్చుకుని, అదే పౌడర్‌ను కొత్త డబ్బాలో పోసింది.

మేడం సొంతూరు చేరి బడిపిల్లలకు ట్యూషన్లు చెప్పారు. ఆదివారం చర్చి అయ్యాక ఎవరైనా డబ్బా తెస్తే చదివి చెప్పేవారు. నేను వెళ్లినప్పుడు ఒకసారి, బాధ లేదా అని అడిగాను. "ఉండాది. శానా ఉండాది. అయినా నిద్ర పడతాంది" అన్నారు.

సమాధి దగ్గరికి పాత కంపెనీ మేనేజరు పెద్ద పూలచక్రం తెచ్చాడు. ఆమె మా సంస్థ నిజాయితీకి ప్రతీక అని, పాస్టర్ అడగకుండానే నాలుగు మాటలు మాట్లాడాడు. ఆయన ముగించగానే, "ఇప్పుడా పౌడర్ ఏ పేరుతో అమ్ముతాండారు సార్?" అని అందరి ముందూ అడిగాను. ఆయన ఫోన్ తీసి చూసుకుంటూ కారు వైపు నడిచాడు.

మట్టి పోయడం అయ్యాక జనం పలచబడ్డారు. ఎటునుంచో ఒక మేక వచ్చి ఆ చక్రంలోని బంతిపూలు ఒక్కొక్కటే పీకి తినసాగింది. ఆమె తమ్ముడు చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం అదిలించలేదు. పూలన్నీ అయిపోయి, కంపెనీ పేరున్న మెరుపు రిబ్బను ఒక్కటే మిగిలింది. మేక దాన్ని వాసన చూసి, వదిలేసి, చేలవైపు వెళ్లిపోయింది.