మునెమ్మకు చేయని మానిప్యులేషన్

1998లో మదనపల్లె నుంచి కుప్పం మారి, ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆ విభాగానికంతా నేనొక్కణ్ణే. సాయానికి కాంతమ్మ అనే ఆయా ఉండేది.

మునెమ్మది రామకుప్పం దగ్గరి పల్లె. ఆవుల మీద బతికే కుటుంబం. నడుములో డిస్కు జారితే బెంగళూరులో ఆపరేషన్ చేయించుకుంది. ఏడాది దాటినా నొప్పి వదల్లేదు. సర్జన్ రాసిచ్చిన చీటీతో, మరిదిని తోడు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కోయకముందూ అంతే, కోసినా అంతే. కూసోని పాలు పిండలేకుండా ఉండానప్పా" అంది.

ఇలాంటి నడుముకు మొదట మొబిలైజేషన్ చేస్తాం. అంటే కీళ్లను చేత్తో మెల్లగా, లయగా కదిలించడం. మానిప్యులేషన్ వేరు. కీలును దాని హద్దుదాకా తీసుకెళ్లి, చివర ఒక్కసారి వేగంగా ఒత్తాలి. చాలాసార్లు 'టక్'మంటుంది. రోగులకు ఆ చప్పుడు మీదే గురి. నరం నలుగుతున్నవాళ్లకు మాత్రం అది చేయకూడదు.

రెండు వారాల మొబిలైజేషన్‌తో బిగుతు కొంత సడలింది. ఒక ఆవుకు పాలు పిండానని ఆమె చెబితే, నా చేతుల మీద నాకే గర్వం కలిగింది.

మూడో వారం రెండు కాళ్లూ లాగుతున్నాయంటూ వచ్చింది. "ఈ పొద్దు గట్టిగా ఒత్తేయప్పా, పీడ పోతాది" అంది. రెండు కాళ్లకూ నొప్పి దిగడమే, నరాలు నలుగుతున్నాయేమోననే ఒక హెచ్చరిక. బిగుతేలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నియమం ప్రకారం మూత్రం సంగతి, తొడల మధ్య తిమ్మిరి సంగతి అడిగాను. ఆమె మరిది వైపు చూసి, "అట్లాంటిదేం లేదు" అంది.

మరిదిని బయటికి పంపి, ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఒక చెయ్యి భుజం మీద, ఇంకో ముంజేయి తుంటి మీద ఆనించి, ఊపిరి వదలమన్నాను. అంతలో వెనక నిలబడిన కాంతమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు సార్. ఆయమ్మ సీర తడిసుండాది. ఆయమ్మకే తెలిసినట్ల లేదు."

చేతులు తీసేశాను. మునెమ్మ తడిమి చూసుకుని, ముఖం గోడవైపు తిప్పుకుంది. నేను బయటికి వచ్చేశాను. తలుపు వేసి కాంతమ్మ అడిగితే అన్నీ చెప్పింది. ముందు రోజు నుంచి మూత్రం ఎప్పుడు పోతున్నదీ తెలియడం లేదు. కూర్చునే చోట స్పర్శ లేదు.

సర్జన్‌కు ఫోన్ చేసి, చూసినదంతా ఉత్తరంలో రాసి, గంటలోపు జీపులో బెంగళూరు పంపాం. పాత చోటే డిస్కు మళ్లీ జారి, కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాల గుత్తిని నొక్కుతోందని తేలింది. ఆ రోజే మళ్లీ ఆపరేషన్ చేశారు. నేను ఒత్తి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. మంచి మాత్రం జరిగేది కాదు.

నాలుగు నెలల తర్వాత నడిచి వచ్చింది. స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. మూత్రానికి మాత్రం వేళ చూసుకుని వెళ్లాల్సి వస్తోంది. ఆ రోజు ఎందుకు దాచావని అడిగాను.

"మరిది ఎదురుగా నిలబడుంటే యెట్ల చెప్పేదప్పా? నువ్వూ మొగోడివే గదా" అంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఆడ రోగులను ఆ ప్రశ్నలు ఒక ఆడమనిషి చేత, తలుపు వేసి అడిగించాకే మంచం దగ్గరికి వెళ్లాను. ప్రశ్న అడిగినంత మాత్రాన పరీక్ష పూర్తయినట్టు కాదు. నిజం చెప్పే వీలు కల్పించడం కూడా పరీక్షలో భాగమే.