సెలవు కోసం కారిబూని పిలిచాను

ఆ రోజుల్లో సెలవు అడగాలంటే నాకు మహా మొహమాటం. నేను అలాస్కాలో ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కాంట్రాక్టర్ని, మావారు అమెరికా ఆ చివర అల్ఫారెట్టాలో, ఏడాది నిండని బాబు గుడివాడలో మా అమ్మ దగ్గర. (ఇద్దరి ఉద్యోగాలూ కుదుటపడ్డాక తెచ్చుకుందామనుకున్నాం. తెలివైనవాళ్లం కదా!) వాణ్ణి తెచ్చుకోవడానికి మూడు వారాల సెలవు కావాలి. అది మా మేనేజరు చేతిలో ఉంది. మన తెలుగువాళ్లం ఆయన్ని చాటుగా గడ్డపాయన అనేవాళ్లం. "రిలీజ్ అయ్యాక చూద్దాం" అంటూ నెలలుగా నానుస్తున్నాడు.

ఆ సెప్టెంబరులో, కారిబూ వేటకి ఎవరొస్తారని ఆయన టీమంతటినీ అడిగితే చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. కారిబూ అంటే మంచుదేశపు పెద్ద దుప్పి, ఆడదానికీ కొమ్ములుంటాయి. "బొద్దింకని చూస్తే మంచమెక్కేదానివి, నీకు వేటేమిటే?" అన్నారు మావారు ఫోన్లో. "తుపాకీ ఆయనదేనండీ. నేనూరికే పక్కన కూచుంటా. కాస్త మంచి చేసుకుందామని," అన్నాను.

తీరా వెళ్తే, తడి నాచులో బోర్లా పడుకోవడమే వేట. గడ్డపాయన రబ్బరు పీకతో దూడ కూత ఊదాడు. చిల్లుపడ్డ హార్మోనియంలా మోగింది. దూరంగా మేస్తున్న మంద తలైనా ఎత్తలేదు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. చిన్నప్పుడు మా గేదె దూడ చచ్చిపోతే, గేదె పాలు చేపడానికి పక్కన నిలబడి దూడలా అరిచే ఉద్యోగం నాదే. (జీతం గ్లాసుడు గుమ్మపాలు.) "నేను ట్రై చెయ్యనా?" అని ముక్కుతో అరిచాను. మందలోంచి ఒక ఆడ కారిబూ చటుక్కున తలెత్తింది. మళ్లీ అరిచాను. పరుగున వచ్చేసింది. నాలుగు నిమిషాల్లో మా ఎదురుగా నిలబడి, చెవులు తిప్పుతూ వెతుకుతోంది. "వండర్‌ఫుల్! ఇంకొక్కసారి," అని గొణుగుతూ గడ్డపాయన తుపాకీ ఎక్కుపెట్టాడు.

దాని కళ్లు చూశాక నావల్ల కాలేదు. లేచి నిలబడి, "పోవే తల్లీ! ఇక్కడ నీ బిడ్డ లేదు, పో!" అని కేకలు పెట్టాను, అచ్చ తెలుగులో. అది పారిపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. సెలవు కాస్తా గంగలో కలిసిందనుకున్నాను.

గడ్డపాయన తుపాకీ దించి గుళ్లు తీసేశాడు. తర్వాత, "మీ బాబుకి ఎన్ని నెలలు?" అని అడిగాడు. "పదకొండు. వదిలేసి వచ్చినప్పుడు నాలుగు," అన్నాను. సోమవారం పొద్దున చూస్తే మెయిల్లో నాలుగు వారాల సెలవు అప్రూవ్ చేసి ఉంది. (వేట మాట మాత్రం నా దగ్గర మళ్లీ ఎత్తలేదు.)

గుడివాడలో కారు దిగుతూనే చేతులు చాచాను. వాడు నన్ను ఎగాదిగా చూసి అమ్మమ్మ భుజంలో మొహం దాచుకున్నాడు. బుజ్జీ అన్నాను, నాన్నా అన్నాను, బొమ్మలు ఆడించాను, సిగ్గు విడిచి దూడలా కూడా అరిచాను. ఇల్లంతా నవ్వింది, వాడు మాత్రం గుక్కపట్టి ఏడ్చాడు. ఏమీ కాని నాకోసం ఆ వెర్రి కారిబూ నాలుగు నిమిషాల్లో వచ్చింది. నా కన్నకొడుకు నా ఒళ్లోకి రావడానికి ఐదు రోజులు పట్టింది.

ఇప్పుడు వాడికి మీసాలొస్తున్నాయి. ఆ ఐదు రోజులూ ముక్కు చీదుకుంటూ గుమ్మంలో కూచున్న ఆ పిల్లని, అదే అప్పటి నన్ను, తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక, వెళ్లి ముందు దాన్నే ఎత్తుకోవాలనిపిస్తుంది.