తబూక్‌లో వైరు లేని గంట

దెయ్యాలున్నాయనే వాళ్లను ఆటపట్టించడం నాకు మొదటినుంచీ సరదా. వైరుంటే కరెంటు, లేకుంటే లేదు. ఎలక్ట్రీషియన్‌కు అంతకు మించి నమ్మకాలు అక్కర్లేదనుకునేవాణ్ణి.

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సౌదీలోని తబూక్‌లో మా విమానాల వర్క్‌షాపుకు మిలిటరీ వద్దనుకున్న పాత రవాణా విమానం ఒకటి వచ్చింది. దాని కడుపులో నీళ్ల ట్యాంకు బిగించి, దక్షిణాన కొండల మీది అడవుల్లో మంటలు ఆర్పడానికి పంపాలి. ఒకప్పుడు సైనికులు అందులోంచి పారాచూట్లతో దూకేవారట. దూకమని చెప్పే గంట తలుపు పక్కనే ఉండేది. దాన్ని నేనే విప్పి, వైర్లు కత్తిరించి, కొసలకు టేపు చుట్టాను.

పారేయబోతున్న ఆ గంటను ఫోర్‌మన్‌ను అడిగి మెస్‌కు తెచ్చాను. వంట చేసే రాజన్నది జగిత్యాలలో మా పక్క ఊరే. మురిసిపోయి గోడకు తగిలించాడు. అన్నం వేళకు గరిటెతో రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకోటి. అది వింటే చాలు, మా కడుపులో ఎలుకలు పరుగెత్తేవి.

నీళ్లు వదిలి చూసే రోజు వచ్చింది. పట్టపగలు పదకొండున్నర. నేను విమానంలో ట్యాంకు పక్కన కూర్చున్నాను. లోయ దగ్గరపడింది, ఇక వదులుతున్నానని పైలట్ హెడ్‌ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు మోగింది గంట, తలుపు పక్కన నేను దాన్ని విప్పేసిన చోటే. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకోటి.

"ఘంటీ కౌన్ బజా రహా హై?" అన్నాడు పైలట్. ఆయన పాకిస్తానీ. గంట ఎవరు కొడుతున్నారని అడుగుతున్నాడంటే విన్నది నేనొక్కణ్ణే కాదు.

ఆయన నీళ్లు వదలకుండా విమానాన్ని పైకి లేపి చుట్టు తిప్పాడు. సరిగ్గా నీళ్లు పడాల్సిన చోట, బండరాయి చాటున మా మెస్ పికప్. పక్కన రాజన్న తువ్వాలు ఊపుతున్నాడు. లోయ అంచున ఉన్న మా వర్క్‌షాపువాళ్లకు అన్నం తెస్తూ అడ్డదారిన వచ్చి, తమాషా చూద్దామని ఆగాడట. అన్ని టన్నుల నీళ్లు మీద పడితే బండితో సహా నుగ్గయ్యేవాడు.

దిగాక టేపు విప్పి చూశాను. కత్తిరించిన వైర్లు కత్తిరించినట్టే ఉన్నాయి. మెస్ తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి రాజన్న జేబులో ఉంది. అతను తలుపు తీస్తే లోపల గంట గోడకే వేలాడుతోంది.

జరిగిందంతా రాజన్నకు చెప్పాను.

"ఇగ దాన్ని నేను ముట్టనన్నా. దాని పని అది చేసుకుంటది. అన్నానికి నేనే పిలుస్త."

అన్నట్టే ఆ మధ్యాహ్నం వాకిట్లో నిలబడి అందరినీ పేరుపేరునా పిలిచాడు. నా పేరు వినబడ్డప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ గంట ఎవరు కొట్టారో ఇప్పటికీ చెప్పలేను.