సముద్రం పాటకు బదులు పెళ్లి డప్పులు

కువైట్‌కు వచ్చిన కొత్తలో, చెప్పిన పనికి రెట్టింపు చేస్తే ఉద్యోగం పదిలమని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఒకసారి నా కొంప ముంచినంత పని చేసింది. అప్పుడు నేనొక సంగీత మందిరంలో క్లీనర్ని. కింద కచేరీల హాలు, పైన పాత గ్రామఫోన్ రికార్డుల గది. ఇల్లిల్లూ తిరిగి ఆ రికార్డులు పోగేసిన కువైటీ ముసలాయనను మేం ‘ప్లేట్ల బాబా’ అనుకునేవాళ్లం (ఎదుట మాత్రం ఉత్త బాబాయే). ఆయన ఒకరోజు అట్టల మీది దుమ్ము తుడవమన్నాడు. నేను రికార్డులన్నీ బయటికి తీసి, అట్టల లోపల కూడా తుడిచి, చేతికందింది అందినట్టు దూర్చేశాను. అన్నీ నల్లగా గుండ్రంగానే ఉన్నాయి మరి. అరబీ అక్షరాలు నాకప్పుడు ముగ్గుల్లా కనిపించేవి.

ఆ వారమే హాల్లో సభ. ముత్యాల వేటకు వెళ్లేవాళ్లు పడవల మీద పాడుకున్న పాట వినిపిస్తారట. పాడినాయన కూతురు, బాగా ముసలామె, నాన్న గొంతు వినడానికి ముందు వరసలో కూర్చుంది. బాబా రెండు మాటలు చెప్పి, కళ్లు తుడుచుకుని, రికార్డు మీద ముల్లు దించాడు. పెళ్లి డప్పులు మోగాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మా సూపర్‌వైజర్ రాయచోటి భాయ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. “ఏం చేసినావురా ఆ ప్లేట్లను?”

“తుడిచినా భాయ్.”

“తుడిస్తే పాట మారిపోతాదా?”

“లోపల గూడా తుడిచినా.”

“ఖలాస్. నీ ఇఖామాతో పాటు నాది గూడా తుడిచిపెట్టినావు.”

ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, అది పోతే ఊరికి తిరుగు విమానమే. వెళ్లి బాబాకు నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. “యల్లా, వెతుకు” అన్నాడు. ముసలామె కూడా పైకొచ్చి కుర్చీలో కూర్చుంది. ఒక్కో రికార్డూ పెట్టడం, ఆమె “లా” అని తల అడ్డంగా ఊపడం (డప్పుల పాటలు మాత్రం చివరిదాకా విన్నది). ఎన్నో రికార్డుల తర్వాత, బరబరల వెనక నుంచి ఒక మగగొంతు వచ్చింది. ఆమె ఈసారి “లా” అనలేదు. పాట అయిపోయాక, మళ్లీ పెట్టమని నాకే సైగ చేసింది.

మిగతా రికార్డులను వాటి అట్టల్లోకి చేర్చడానికి నాకు నెలలు పట్టింది. రోజూ పని దిగాక బాబా పక్కన కూర్చుని, వింటూ, అక్షరాలు కూడబలుక్కుంటూ అరబీ చదవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అబూ హలీఫాలోని గదిలో వంట చేసుకుంటూ ఆ సముద్రం పాట కూనిరాగం తీస్తుంటే, ఫోన్లో మా ఆవిడ “ఏమైంది, ఏడుస్తాండావా?” అంటుంది. పాడుతున్నానంటే నమ్మదు. ఈ వయసులో నా గొంతు వింటే, నాకూ నమ్మాలనిపించదు.